బ్రేక్ ప్యాడ్ దీపం అబద్ధమాడుతున్నదా?

కుప్పం, పలమనేరు, హిందూపురం పరిసర గ్రామాల కుటుంబాలు బెంగళూరు వెళ్లి పాత కార్లు కొనుక్కోవడం సర్వసాధారణమైంది. ఎన్‌.ఓ.సి. కోసం తిరిగే తిరుగుడు ముగిసి, బండి ఇంటికి చేరిన కొద్ది రోజులకే డ్యాష్‌బోర్డుపై పసుపు దీపం వెలుగుతుంది. మెకానిక్ తొంగిచూసి, "ప్యాడ్లు బాగానే ఉన్నాయి, సెన్సార్ తప్పు చూపిస్తోంది" అంటాడు. ఆ మాట నిజం కావచ్చు. అయితే ప్యాడ్ మందం కొలిచి చెప్పాడా, కొలవకుండానే చెప్పాడా అన్నది ముందుగా అడిగి తెలుసుకోవాలి.

అసలు వెలిగినది ఏ దీపమో మొదట గుర్తించాలి. వృత్తానికి ఇరువైపులా చుక్కల వంటి విరుపు గీతలుండి, పసుపు రంగులో వెలిగేది ప్యాడ్ అరుగుదల దీపం. వృత్తంలో ఆశ్చర్యార్థకం గల ఎర్ర దీపం వేరు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించకపోయినా, బ్రేక్ ఆయిల్ తగ్గినా అది వెలుగుతుంది. మారుతి, హ్యుందాయ్ వంటి కార్లలో అత్యధిక భాగానికి ప్యాడ్ సెన్సారే ఉండదు. ప్యాడ్ అరిగినప్పుడు చిన్న ఇనుప రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది, అంతే. అయితే ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం కూడా దిగుతుంది. కనుక ఆయిల్ పోసి ఎర్ర దీపం ఆర్పినవారు అరుగుదలను దాచిపెట్టినట్లే. తరువాత కొత్త ప్యాడ్లు వేసినప్పుడు అదే ఆయిల్ పొంగి బయటకు వస్తుంది.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, బి.ఎం.డబ్ల్యు. వంటి కార్లలో ప్యాడ్ లోపల సన్నని తీగ చుట్టు ఉంటుంది. ప్యాడ్ అరిగి డిస్కు ఆ తీగను తెంచగానే దీపం వెలుగుతుంది. తీగ మరెక్కడ తెగినా కారుకు తేడా తెలియదు, అబద్ధపు హెచ్చరికకు మూలం ఇదే. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగే చోట తీగ విరుగుతుంది. వాననీరు, బురద చేరి ప్లగ్గు పచ్చగా చిలుము పడుతుంది. పల్లెలో వారాల తరబడి కదలకుండా నిలిచిన బండిలో ఎలుకలు తీగలు కొరకడం మన పాఠకులకు చెప్పనవసరం లేదు. చౌకగా దొరికిందని సెన్సార్ తీగ లేని ప్యాడ్లు తెచ్చి బిగించినా దీపం ఆరదు. బి.ఎం.డబ్ల్యు. కార్లలో కొత్త ప్యాడ్లతో పాటు కొత్త సెన్సార్ వేసి, సర్వీసు లెక్కను రీసెట్ చేయాలి. పాత మెర్సిడెస్ కార్లలో పద్ధతి తలకిందులు: తీగ డిస్కుకు తగిలితేనే దీపం వెలుగుతుంది. అక్కడ తొడుగు ఊడిన తీగ ఇనుముకు ఆనడమే అబద్ధానికి కారణమవుతుంది.

పరీక్షకు బండిని చదునైన నేలపై నిలిపి, ఇతర చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, జాక్‌తో ఎత్తి స్టాండుపై ఆనించి, చక్రం విప్పాలి. జాక్‌ను మాత్రమే నమ్మి చేయి పెట్టరాదు. కొత్త ప్యాడ్ పదార్థం సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చవలసినదే. బయటి ప్యాడ్‌ను చూసి ఊరుకోరాదు. క్యాలిపర్ పిన్నులు పట్టుకుపోయిన బండిలో లోపలి ప్యాడే ముందుగా అరిగిపోతుంది. సెన్సార్ అన్ని చక్రాలకూ ఉండదు. కొన్నింటిలో ముందు ఎడమ చక్రానికి మాత్రమే ఉంటుంది. కాబట్టి నాలుగు చక్రాలనూ చూడాలి.

ప్యాడ్లన్నీ మందంగా ఉంటేనే తీగ మీద అనుమానపడాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలలో ప్లగ్గు విప్పి సెన్సార్ వైపు రెండు కొనలకు మల్టీమీటర్ పెడితే, మంచి తీగకు కరెంటు దారి కనిపిస్తుంది. దారి లేకుంటే సెన్సార్ తెగినట్లు. సెన్సార్ బాగుంటే బండి వైపు రెండు పిన్నులను క్షణకాలం కలిపి చూడాలి. దీపం ఆరితే లోపం ప్లగ్గు కలిసే చోట ఉన్నట్లు, ఆరకుంటే బండి వైరింగులో ఉన్నట్లు.

ఇక్కడే ఒక మోసం పొంచి ఉంది. పరీక్షకై క్షణం కలపవలసిన ఆ రెండు తీగలను శాశ్వతంగా మెలిపెట్టి, టేపు చుట్టేసేవారున్నారు. దీపం ఆరుతుంది, ఇక ఎన్నడూ వెలగదు. సిల్క్ బోర్డు కూడలి రద్దీలో ఏళ్ల తరబడి ఆగుతూ కదులుతూ ప్యాడ్లు అరిగిన బండి అలా చేతులు మారితే, మొగిలి ఘాట్ దిగేటప్పుడు హెచ్చరించేది ఏదీ ఉండదు.

అందుచేత బెంగళూరులో బేరం కుదుర్చుకునే ముందు తాళం తిప్పి చూడండి. ఎక్కువ కార్లలో హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. పిదప బండిని ఎత్తించి, ముందు ఎడమ చక్రం వెనుక ప్లగ్గు అసలుదో, టేపు చుట్టిన జాయింటో చూపించమనండి. జాయింటు కనిపిస్తే నాలుగు చక్రాలూ విప్పించి ప్యాడ్లు కొలిపించండి. సెన్సార్, ప్యాడ్లు, కూలి మొత్తం ధరలో తగ్గించమని అడగండి. అమ్మేవాడు చక్రం విప్పనివ్వనంటే ఆ బండి వద్దు.