కావలియు కబురును: 1942 ఏప్రిలునాటి తూర్పుతీరము

కావలి యనగానే మనకు ముందుగా తోచునది కన్ను. కాని చేనిమంచెపై కూర్చున్న కాపరిని గమనించినచో అతని పనిలో చూపు కొంతభాగమే యని తెలియును. పశువు చేనబడినప్పుడు అతడు కేక వేయవలెను. ఆ కేక ఆవలివానికి వినబడవలెను. విన్నవాడు నమ్మి కర్ర పట్టుకొని రావలెను. వీనిలో నేది తప్పినను చూచిన చూపు వ్యర్థమే. 1942 ఏప్రిలులో బంగాళాఖాతతీరమున జరిగిన సంఘటనలను ఈ దృష్టితో పరిశీలింపవలెనని మా యభిప్రాయము.

ఆ నెల 4వ తేదీన, కెనడా వైమానికదళమునకు చెందిన లెనర్డ్ బర్చల్ నడపుచున్న కాటలినా విమానము సింహళమునకు దక్షిణముగా జపాను నౌకాదళమును కనిపెట్టెను. శత్రువులు చుట్టుముట్టుచుండగనే అందలివారు రేడియోమీద వార్త పంపిరి. విమానము కూలెను, బ్రతికినవారు బందీలైరి. ఇంత వెలపెట్టి కొన్న కబురు సింహళము చేరినది. పెక్కు నౌకలు కొలంబో రేవు విడిచి తప్పించుకొన్నవి. అయినను మరునాటి యుదయము దాడి వచ్చునప్పటికి రత్మలానా విమానాశ్రయమున యుద్ధవిమానములు ఇంకను నేలపైననే యుండెను. ముందునాటి హెచ్చరిక అందినది గాని, కడపటి గడియ హెచ్చరిక అందలేదు.

6వ తేదీన మన తీరమువంతు వచ్చెను. ఒజావా నాయకత్వమున బంగాళాఖాతమున బ్రవేశించిన మరియొక దళములోని ర్యూజో యను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. విశాఖరేవు తెరువబడినది 1933లో. నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగి అప్పటికి ఏడాదియైనను కాలేదు. యుద్ధనౌకల తోడు లేక తీరము వెంబడి పోవుచున్న వర్తకనౌకలు సుమారు ఇరవై ఆ దినములలో మునిగినవి. వానిని కాపాడదగిన బ్రిటిషు తూర్పునౌకాదళము అప్పుడు బంగాళాఖాతముననే లేదు.

ఇక మదరాసు సంగతి. జపానుదళము పట్టణమునకు వచ్చుచున్నదను సమాచారమును ప్రభుత్వము నమ్మెను. కచ్చేరీలు లోపలి జిల్లాలకు తరలినవి. జనము రైళ్లకు ఎగబడిరి. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములను కాల్చి చంపిరి. వచ్చిన దళమేదియు లేదు. ఇదే పట్టణముపై 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ యను జర్మను నౌక, దీపములు వెలుగుచుండగా రేవుదాపునకు వచ్చి చమురుతొట్లను కాల్చి పోయినది. ఆనాడు వచ్చిన శత్రువును చూడలేదు. ఈనాడు రాని శత్రువును చూచిరి. మృగములమాట వినుటకు వింతగా నున్నను, పాలకుల భయము ఎంతటిదో దానివలన తెలియును.

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలిపోవుటయు ఆ యుద్ధకాలపు మాటయే. కాని సైరను, బ్లాకౌటు, ఏ.ఆర్.పి. అను మాటలు మన తీరగ్రామముల వాడుకలోనికి ఎట్లు వచ్చినవో, దీపమునకు నల్లగుడ్డ చుట్టిన యిండ్లలో ఏ మాట నమ్మిరో, దేనిని వదంతియని త్రోసివేసిరో వ్రాసినవారు తక్కువ. ఆనాటి పత్రికలపై యుద్ధకాలపు నిర్బంధము కలదు గనుక, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభల 1942 ఏప్రిలు సంచికలను జిల్లా దస్తావేజులతో సరిపోల్చి చదువవలెను. నాడు పిల్లలుగా నుండి ఆ సైరను విన్నవారు నేడు తొంబదియేండ్లకు చేరువవారు, దాటినవారు. విశాఖ, కాకినాడ ప్రాంతముల పరిశోధకవిద్యార్థులు దస్తావేజుల కంటె ముందు వారి యిండ్లకు పోవలెను.