ఏ సూది మేలు? ఉద్రేక చికిత్సలో ఒకటిన్నర శతాబ్దం

ఉద్రేకంతో ఊగిపోతూ, తనకో ఎదుటివారికో హాని చేసేలా ఉన్న రోగిని శాంతపరచడానికి వైద్యులు 150 ఏళ్లుగా మందులు ఇస్తున్నారు. వాటిలో ఏది మేలో పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం చాలా ఆలస్యమైంది.

1869లో జర్మనీకి చెందిన ఆస్కార్ లీబ్రైక్ క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. తర్వాత పారాల్డిహైడ్, 1903 నుంచి బార్బిట్యురేట్లు వచ్చాయి. అన్నీ నిద్రపుచ్చేవే. బార్బిట్యురేట్ మోతాదు మించితే ఊపిరే ఆగిపోయేది.

1952లో పారిస్‌లో జాఁ డెలే, పియేర్ డెనికేర్ క్లోర్‌ప్రోమజైన్‌తో కొత్త దారి చూపారు. గాఢనిద్రలోకి జారకుండానే రోగి నెమ్మదించేవాడు, కానీ రక్తపోటు పడిపోయేది. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం తయారుచేసిన హాలోపెరిడాల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. అందుకే అది క్యాజువాలిటీల్లో పాతుకుపోయింది. దానికీ ఒక బెడద ఉంది: కొందరికి మెడ మెలిపడి, కళ్లు పైకి తేలిపోతాయి. 1960ల నుంచి వచ్చిన డయాజెపామ్, లోరాజెపామ్, మిడజోలామ్‌లతో ఆ బాధ లేదు గానీ ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

అసలైన పోలిక రద్దీ ఆసుపత్రుల్లో జరిగింది. 2003లో వెలువడిన రియో డి జనీరో అధ్యయనంలో 301 మంది పాల్గొన్నారు. 20 నిమిషాలకు మిడజోలామ్ తీసుకున్నవారిలో 89 శాతం, హాలోపెరిడాల్‌తో ప్రొమెథజైన్ అనే మరో మందు కలిపి తీసుకున్నవారిలో 67 శాతం శాంతించారు. అయితే మిడజోలామ్ ఇచ్చిన ఒకరికి ఊపిరి మందగించింది. చిత్తూరు సరిహద్దుకు ఆవల ఉన్న వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, ఇదే జోడీని 2004లో లోరాజెపామ్‌తో, 2007లో ఒలాంజపైన్ అనే మందుతో పోల్చారు. ఒలాంజపైన్ త్వరగానే పనిచేసినా, నాలుగు గంటలలోపు మరో మోతాదు అవసరమైనవారు ఎక్కువ. ప్రొమెథజైన్ లేకుండా హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే కండరాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువని అదే ఏడాది రియోలోనే తేలింది.

గుండె లయ దెబ్బతింటుందంటూ 2001లో అమెరికా ఔషధ సంస్థ తీవ్ర హెచ్చరిక చేయడంతో, ఉద్రేకానికి వాడే డ్రోపెరిడాల్ అనే మరో మందు మూలనపడింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఆ మందు తీసుకున్న 1,009 మంది ఈసీజీలు పరిశీలిస్తే 13 మందిలోనే తేడా కనిపించింది, ప్రాణాంతక లయ ఒక్కరిలోనూ రాలేదు. 2019లో అది అమెరికా మార్కెట్‌కు తిరిగొచ్చింది. ఇదే పనికి వాడే కెటమైన్ అన్నిటికన్నా వేగంగా పనిచేసేవాటిలో ఒకటి. కానీ అదే 2019లో కొలరాడోలో, పోలీసులు అదుపులోకి తీసుకున్న ఎలైజా మెక్లెయిన్ అనే యువకుడికి పారామెడిక్స్ దాన్ని ఇచ్చారు, అతడు మరణించాడు. 2023లో ఇద్దరు పారామెడిక్స్ దోషులుగా తేలారు.

ఇంతకాలానికి తేలింది ఇది: తిరుగులేని మందు ఏదీ లేదు. వేగం కావాలంటే ఊపిరిని కనిపెట్టే మనుషులూ పరికరాలూ ఉండాలి. అవి తక్కువైన చోట హాలోపెరిడాల్-ప్రొమెథజైన్ జోడీ నమ్మదగినది. ఏ సూది వేసినా, ఉద్రేకానికి కారణమేమిటో, అంటే రక్తంలో చక్కెర తగ్గిందా, తలకు దెబ్బ తగిలిందా, జ్వరమా, మద్యం హఠాత్తుగా మానడమా అని వెతకాల్సిందే. ఆ కారణానికి వైద్యం అందేదాకా చికిత్స మొదలైనట్టు కాదు.