పెంపకానికి లొంగని బ్యాక్టీరియా (గోదావరి–కొల్లేరు ప్రాంతం)

ప్రయోగశాలలో అగర్ పళ్లెం మీద పెరగకుండా మొక్కల్లో, జంతువుల్లో, కీటకాల ఒంట్లో, లేదా నీటిలో, బురదలో మాత్రమే బతికే సూక్ష్మజీవులివి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాల చరిత్రలో వీటి ప్రస్తావన ప్రధానంగా కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల ఫైటోప్లాస్మాల గురించి, బోదకాలు పురుగులో ఉండే వోల్బాకియా గురించి వస్తుంది. పెంచి చూపలేని జీవికి పూర్తి శాస్త్రీయ నామం ఇవ్వడం కుదరదు కాబట్టి పేరు ముందు ‘కాండిడేటస్’ అని చేర్చే పద్ధతి 1994లో మొదలైంది.

19వ శతాబ్దం చివరి దాకా ఈ ప్రాంతంలో పంట తెగుళ్లను చీడగానో, దైవకోపంగానో చూశారు. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం, 1925లో మారుటేరులో వరి పరిశోధన కేంద్రం వచ్చాక వాటిని శాస్త్రీయంగా నమోదు చేయడం ఊపందుకుంది. నువ్వులోనూ వంగలోనూ పువ్వు, ఆకు రూపు చెడే వెర్రి తెగులును, చెరకులో గడ్డిదుబ్బు తెగులును అప్పట్లో వైరస్ పనిగానే భావించారు. రోగకారకం వడపోతకు చిక్కదు, పళ్లెం మీద పెరగదు, దీపపు పురుగులు మోసుకొస్తాయి. ఇవన్నీ వైరస్ లక్షణాలే కదా అన్నది నాటి తర్కం.

ఆ తర్కం 1967లో జపాన్‌లో వీగిపోయింది. యోజి దోయి బృందం మరుగుజ్జు తెగులు సోకిన మల్బరీ మొక్కల పోషక నాళాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు కణకవచం లేని, గుండ్రని, సాగిన సూక్ష్మ దేహాలు కనిపించాయి; వీటినే ఇప్పుడు ఫైటోప్లాస్మాలు అంటున్నారు. అదే ఏడాది తోటి పరిశోధకులు మొక్కలకు టెట్రాసైక్లిన్ ఇవ్వగా లక్షణాలు తగ్గాయి. వైరస్ మీద టెట్రాసైక్లిన్ పనిచేయదు. సూక్ష్మజీవిని పెంచకుండానే అది బ్యాక్టీరియా కోవకు చెందినదని తేల్చిన ఉపాయం ఇది.

ఈ మందు కథకు పశ్చిమ గోదావరితో దగ్గరి బంధుత్వం ఉంది. భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాబట్టారు. డగ్గర్ మొక్కల తెగుళ్ల నిపుణుడు కూడా కావడం గమనార్హం. ఆ మందును లోకానికి ప్రకటించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ (డి.ఇ.సి.) కూడా ఆయన బృందం కృషే, దాని ఫలితాలు 1947లో వెలువడ్డాయి. ఒక జీవితకాలానికి ఇది అసాధారణమైన పంట.

కొబ్బరి విషయంలో ప్రస్తావించదగినది తాటిపాక తెగులు. కోనసీమలో రాజోలు దగ్గరి తాటిపాకలో 1949లో దీన్ని గుర్తించారు. దీని నడక విచిత్రం: తెగులు సోకిన చెట్టు మొదట్లో ముదురాకుపచ్చ మట్టలతో, పెద్ద తలతో, మంచి కాపుతో రైతును మురిపిస్తుంది. తర్వాత మట్టలు పొట్టివవుతాయి, ఆకులు సరిగా విడివడక అతుక్కుపోతాయి, మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, గెలలో మంచి కాయల పక్కనే ఎదగని కాయలు వేలాడతాయి. చెట్టు చావదు, కాపు మాత్రం చస్తుంది. ఎక్కువగా 20 ఏళ్లు దాటిన చెట్లకే వస్తుంది. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం దీని మీద దీర్ఘకాలం పనిచేసింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పోషక నాళాల్లో ఫైటోప్లాస్మా కనిపించింది, ఆక్సీటెట్రాసైక్లిన్ ఎక్కిస్తే చెట్టు తాత్కాలికంగా కోలుకుంది. నేడు ఆ కేంద్రం తాడేపల్లిగూడెం దగ్గరి వెంకట్రామన్నగూడెంలో 2007లో నెలకొల్పిన ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది.

ఏలూరు మెట్టలో ఆయిల్ పామ్ సాగు విస్తరించాక పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. గిడసబారిన ఆయిల్ పామ్ చెట్ల మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త వి.కె.బరన్వాల్ తదితరులు జరిపిన పరిశోధన 2012లో ప్రచురితమైంది. బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు, సెక్‌ఏ జన్యువు ఆధారంగా అందులో ఉన్నది 16ఎస్‌ఆర్1-బి ఉపవర్గపు ఫైటోప్లాస్మా అని తేల్చారు. పళ్లెం అవసరమే రాలేదు; ఆకు నుంచి తీసిన డి.ఎన్.ఏ.ను పి.సి.ఆర్. యంత్రంలో పదేపదే నకలు తీసి అక్షరాలు చదివారు.

డెల్టా పల్లెల్లో ఒకప్పుడు బోదకాలు పరిచితమైన జబ్బు. మురుగు కాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాపించే ఊచరేరియా పురుగు దీనికి కారణం. హెర్టిగ్, వోల్బాక్ 1924లో అమెరికాలో క్యూలెక్స్ దోమ కణాల్లో ఒక బ్యాక్టీరియాను చూశారు, 1936లో దానికి వోల్బాకియా అని పేరొచ్చింది. ఆ కుటుంబపు బ్యాక్టీరియానే బోదకాలు పురుగు లోపలా ఉండి, దాని సంతానోత్పత్తికి ఊతమిస్తుంది. 2005లో వెలువడిన టాంజానియా పరీక్షలో రోజుకు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను 8 వారాలిస్తే వోల్బాకియా దాదాపుగా నశించి పురుగులూ చాలావరకు చచ్చాయి. గర్భిణులకు, చిన్నపిల్లలకు అది పనికిరాదు కనుక మన దేశంలో 2004 నుంచి సామూహికంగా పంచింది ప్రధానంగా డి.ఇ.సి. మాత్రలను.

కొల్లేరు నీటి, బురద బ్యాక్టీరియా గురించి చెప్పేది తక్కువ. సరస్సు 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. పర్యావరణ నమూనాల్లో కనిపించే బ్యాక్టీరియాలో నూటికి ఒకటో రెండో మాత్రమే మామూలు పళ్లెం మీద పెరుగుతాయన్నది ప్రపంచమంతా వాడే అంచనా. అయితే కొన్ని పెంపకానికి లొంగుతాయి: తీర ప్రాంతాల్లో హైదరాబాదు శాస్త్రవేత్తలు సి.హెచ్.వి.రమణ, సి.హెచ్.శశికళల బృందం కాంతిని తినే ఊదా రంగు బ్యాక్టీరియాను పట్టుదలతో పెంపకంలోకి తెచ్చింది. 2007లో నామకరణమైన థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అలాంటిదే.

ఏలూరు, దెందులూరు నిమ్మ రైతులకు ఎదురయ్యే గ్రీనింగ్ తెగులు కారకం కూడా పెంపకానికి లొంగనిదే: కాండిడేటస్ లిబరిబాక్టర్ ఏషియాటికస్. దాన్ని సిట్రస్ సిల్లా పురుగు మోస్తుందని 1967లో పుణెలో ఎస్.పి.కపూర్ బృందం నిరూపించింది. సిల్లా లేత చిగుళ్లలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి చిగురు వచ్చే సమయంలోనే దాన్ని అదుపు చేయాలి.