హాలీ, కల్దారు: రెండు రూపాయల జంటనగరాలు

నిజాం రాజ్యంలో ఒట్టి రూపాయి అంటే లెక్క తెమిలేది కాదు. అది హాలీయా, కల్దారా అన్నది కూడా చెప్పవలసి ఉండేది. ‘సిక్కా’ అంటే ముద్ర వేసిన నాణెం, ‘హాలీ’ అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల సొంత టంకశాలలు నడిచి, వేర్వేరు నాణ్యతల రూపాయలు ఒకే సంతలో చేతులు మారిన రోజుల్లో, ఏది చెల్లుతుందో ఏది చెల్లదో చెప్పడానికి ఈ విశేషణం అవసరమైంది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ నాణేల ముద్రణను రాజధానికి పరిమితం చేసిన తరువాత హాలీ సిక్కా అన్న మాట రాజ్యపు నాణేనికే పేరుగా స్థిరపడింది.

‘కల్దారు’ బ్రిటిష్ ఇండియా రూపాయి. ‘కల్’ అంటే యంత్రం కనుక, సమ్మెటతో కొట్టినది కాక యంత్రంపై అచ్చయినది అని దాని అర్థం. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తెచ్చిపెట్టిన ఇంగ్లిషు దండు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన స్థిరపడి, 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడడంతో, ఆ వైపు కల్దారు, హైదరాబాదు వైపు హాలీ నడిచాయి. పల్లకీలు మోసే బోయీల పేరు నిలుపుకొన్న బోయిగూడ, 1874లో రైలు వచ్చిన సికింద్రాబాద్ స్టేషన్‌ను ఆనుకొని కల్దారు వైపే ఉన్నందున, అక్కడ కూలి తీసుకొన్న మనిషి హైదరాబాదు బజారులో సరుకు కొనాలంటే మారకపు లెక్క తెలిసి ఉండవలసి వచ్చేది. చివరకు నిలిచిన రేటు ప్రకారం ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. అంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. చదువు లేనివారు సైతం ఈ భిన్నాన్ని నోటిలెక్కగా సాధించవలసి రావడం సామాన్యమైన విషయం కాదు.

1903లో సైఫాబాద్ టంకశాల ఏర్పడి, చార్మినార్ బొమ్మతో హాలీ రూపాయి కూడా యంత్రంపైనే అచ్చు కావడంతో, మాటకు మాటగా చూస్తే అదీ కల్దారే అయింది. అయినా జనం ఆ పేరును బ్రిటిష్ రూపాయికే ఉంచారు. ఆ నాణెంపై చార్మినార్ నడిమి ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటి కనిపిస్తుంది: మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ‘ఐన్’. పాలకుడి పేరు ఒక్క అక్షరంలో ఇమిడిన ఇంత పొందికైన నాణేలు దేశంలో అరుదు.

మొదటి ప్రపంచయుద్ధం వల్ల వెండికి కరువు ఏర్పడగా 1918 చట్టంతో కాగితపు నోట్లు వచ్చాయి. వాటిపై ఉర్దూ, ఇంగ్లిషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలోనూ విలువ అచ్చయ్యేది. సర్కారు కాగితాలు ఈ ద్రవ్యాన్ని ‘ఉస్మానియా సిక్కా’ అని, పొడి అక్షరాలలో ఓ.ఎస్. అని రాస్తే, బ్రిటిష్ రూపాయి బి.జి. అయింది, ఊళ్లలో మాత్రం హాలీ, కల్దారు అన్న పాత జంటే నిలిచింది.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత కూడా హాలీ వెంటనే పోలేదు. 1950 నుంచి భారత రూపాయితో కలిసి నడిచి 1959 నాటికి పూర్తిగా రద్దయింది. ఆ కాలపు తెలంగాణ క్రయపత్రాలలో ధర పక్కన ‘హాలీ’ అని ఉంటే, దానిని ఆరు పెట్టి హెచ్చించి ఏడు పెట్టి భాగిస్తేనే భారత రూపాయలలో నాటి అసలు ధర తేలుతుంది.