చీట్లు బాగా కలిశాయా?

ప్రతి సంవత్సరం మన ఉత్సవంలో లక్కీ డిప్ పెడతాము. డబ్బాను నాలుగుసార్లు ఊపి, ఒక చిన్నపాప చేత చీటీ తీయిస్తాము. చీట్లు నిజంగా కలిశాయా అని ఎవరూ అడగరు. లెక్కలు చెప్పిన పంతులును గనుక నేను అడుగుతున్నాను. ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

1894లో ఇంగ్లండులో వెల్డన్ అనే ఆచార్యుడు 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క వ్రాసి ఉంచారు. 5 గాని 6 గాని 1,05,224 సార్లు రావలసి ఉండగా 1,06,602 సార్లు వచ్చాయి. ఇది అదృష్టమా, పాచికల దోషమా? 1900లో కార్ల్ పియర్సన్ కై-వర్గ పరీక్షను కనుగొని, పాచికలు సరియైనవైతే ఇంత తేడా రావడం బహు అరుదని చూపించారు.

1938లో కెండాల్, బాబింగ్టన్ స్మిత్ అనువారు యాదృచ్ఛిక అంకెలకు నాలుగు పరీక్షలు పెట్టారు. అన్ని అంకెలూ సమానంగా వస్తున్నాయా? ఏ అంకె వెనుక ఏ అంకె వస్తున్నది? గుంపులుగా విడదీస్తే జోడీలు ఎన్ని? రెండు సున్నాల మధ్య ఎడమెంత?

ఇది పుస్తకాల గొడవ మాత్రమే కాదు. వియత్నాం యుద్ధకాలంలో, 1969 డిసెంబరు 1న, అమెరికాలో ఎవరిని సైన్యంలోకి పిలవాలో పుట్టిన తేదీల చీట్లు తీసి నిర్ణయించారు. 366 తేదీలను నెలల వరుసలోనే పెట్టెలో వేశారు, కలపడం చాలలేదు. 195వ సంఖ్య వరకు పిలుపు వెళ్లింది. డిసెంబరులోని 31 తేదీలలో సుమారు 17కు రావలసిన పిలుపు 26కు వచ్చింది. చీట్లు కలపని దోషాన్ని ఆ నెలలో పుట్టిన పిల్లలు మోశారు.

కంప్యూటరు మరొక పాఠం నేర్పింది. 1960లలో ఐ.బి.ఎం. యంత్రాలలో వాడిన ‘రాండు’ అనే పద్ధతి ముందు సంఖ్యను 65,539తో గుణించి తరువాతి సంఖ్యను తయారుచేసేది. విడివిడిగా చూస్తే సంఖ్యలు చక్కగానే ఉండేవి. కాని మూడేసి సంఖ్యలను కలిపి గదిలో చుక్కలుగా ఊహించుకుంటే, అన్నీ 15 పలకల మీదనే పడ్డాయి. మధ్య అంతా ఖాళీ! అంటే ఒక్క పరీక్ష చాలదు.

అందుకే 2007లో మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన లెక్యుయే, సిమార్ ‘టెస్ట్‌యు01’ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీని ప్రకటించారు. అందులో చిన్న పరీక్షల కట్టలో 10, పెద్ద కట్టలో 106 పరీక్షలు ఉన్నాయి. జపానువారు 1998లో ప్రకటించిన ప్రసిద్ధమైన ‘మెర్సెన్ ట్విస్టర్’ కూడ ఆ పెద్ద కట్టలో కొన్నింట తప్పింది.

దోషం కనబడలేదంటే దోషం లేదని అర్థం కాదు. ఇంతవరకు అడిగిన ప్రశ్నలకు జవాబు వచ్చిందని మాత్రమే. బడిపిల్లల పరీక్షలూ అంతే గదా!

కాబట్టి కార్యదర్శిగారికి మనవి: ఈ ఏడు డబ్బాను ఇంకొంచెం గట్టిగా ఊపండి.