గోదావరి ప్రాంతమున స్వచ్ఛ విద్యుత్తు, విద్యుత్పొదుపు: ప్రభుత్వ ప్రోత్సాహము

స్వచ్ఛ విద్యుత్తునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మొసగు తోడ్పాటు 1986లో స్థాపితమై నెడ్‌క్యాప్ అను పేర ప్రసిద్ధమైన సంస్థ ద్వారా సాగుచుండగా, 2001 నాటి కేంద్ర ఇంధన పరిరక్షణ చట్టము ననుసరించి పొదుపు కార్యమును నడపుటకు రాష్ట్ర ఇంధన పరిరక్షణ మిషన్ కూడ పిమ్మట ఏర్పడెను. కర్నూలు ప్రాంతపు మెట్టనేలలలో 1000 మెగావాట్ల సౌరోద్యానము వెలసినది గాని, వరిమళ్ళు విస్తరించిన గోదావరి డెల్టాలో అట్టి విశాలస్థల మెక్కడిది? కావుననే భీమవరము చెంత గొల్లవానితిప్పవద్ద లోసరి కాలువపై సౌరపలకలను పఱచి ఒక మెగావాటు కేంద్రమును నిర్మించిరి. భూమి చెడదు, నీరు ఆవిరియగుటయు తగ్గును.

అయినను ఈ ప్రాంతమున ప్రభుత్వ ప్రోత్సాహము మిక్కిలి ఫలించినది ఉత్పత్తియందు గాక పొదుపునందే యని చెప్పవలెను. 2014 అక్టోబరులో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీకి ఎన్నుకొన్న నాలుగు జిల్లాలలో పశ్చిమ గోదావరి యొకటి. పాత బల్బులు రెండింటిని తిరిగి యిచ్చిన ఇంటికి ఏడు వాట్ల బల్బులు రెండు, ఒక్కొక్కటి పది రూపాయలకే లభించెను. మిగిలిన వెలను కేంద్ర ప్రభుత్వరంగ సంస్థయైన ఈఈఎస్‌ఎల్ ముందుగా భరించి, పొదుపైన కరెంటు విలువనుండి విద్యుత్ పంపిణీ సంస్థల ద్వారా క్రమముగా రాబట్టుకొనెను.

ఇంతకంటె క్లిష్టమైనది వ్యవసాయ మోటార్ల విషయము. 2004 నుండి రైతునకు ఉచిత విద్యుత్తు లభించుచుండుటచే, బోరు మోటారు ఎంత కరెంటును మ్రింగినను అతనికి బిల్లు పెరుగదు. ఆ భారము సబ్సిడీ రూపమున ఖజానాపై పడును. అందుచేత తూర్పు గోదావరి జిల్లా రాజానగరం మండలమున వేయికి మించిన పాత పంపుసెట్లను తొలగించి, విద్యుత్పొదుపునకు స్టార్ గుర్తింపుగల వానిని ప్రయోగాత్మకముగా ఉచితముగా అమర్చిరి. రైతునకు అదే నీరు, ప్రభుత్వమునకు తక్కువ వ్యయము. ఉచిత విద్యుత్తును తొలగింపకయే దాని భారమును తగ్గించు ఈ మార్గము నా దృష్టిలో మిక్కిలి వివేకవంతమైనది.

డెల్టాకు ఉత్తరపుటంచున, పంపానది చెంత, రత్నగిరిపై వెలసిన అన్నవరమున ఈ విద్యుత్తు, పొదుపుల ప్రశ్న మఱియొక రూపము దాల్చును. సత్యనారాయణ వ్రతములు, సత్రములు, అన్నదానము, గోధుమనూకతో నేతితో వండి విస్తరాకులో పొట్లము కట్టెడి ప్రసాదము, కార్తికమాసపు జనసమ్మర్దము, ఇవన్నియు వెలుతురును వేడిని నిరంతరము కోరునట్టివి. సూర్యునినీడతో కాలము తెలుపు ఛాయాయంత్రము గల ఈ క్షేత్రమున ఎండకు కొఱత లేదు. తిరుమలలో 2002లో సౌరావిరితో వేలమందికి వంటచేయు ఏర్పాటు జరిగియుండుటచే, పుణ్యక్షేత్రపు పాకశాలకు సూర్యుడు సరిపడునా యన్న సందేహమునకు తావు లేదు.

కొండ దిగువ గృహస్థులకు 2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ అను మేడమీది సౌరవిద్యుత్ పథకము క్రింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు కేంద్ర సహాయము కలదు. దానికి తోడు రాష్ట్రము షెడ్యూల్డు కులములు, తెగల వారికి రెండు కిలోవాట్ల ఉచిత వ్యవస్థను, వెనుకబడిన తరగతుల వారికి అదనముగా 20,000 రూపాయల వరకు సహాయమును ప్రకటించెను. పగటి మిగులు కరెంటు మీటరు ద్వారా గ్రిడ్డునకు పోయి, బిల్లులో జమయగును. సొంత డాబాలేని అద్దెయింటివారికి మాత్రము ఈ మేలు చేరవలసియే యున్నది.