డిస్‌లెక్సియా

తెలివి, చూపు, వినికిడి బాగానే ఉన్నా, అక్షరానికీ ధ్వనికీ లంకె కుదరక చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం. 1896లో బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ 14 ఏళ్ల తెలివైన బాలుడిలో దీన్ని వర్ణించాడు. తెలుగు బడిలో ఇది గుణింతాలు, ఒత్తుల దగ్గర బయటపడుతుంది. ప-వ, మ-య వంటి పోలిక గల అక్షరాలు తారుమారవుతాయి. నోటితో చక్కగా జవాబు చెప్పి, కాగితం మీద తడబడే పిల్లలను సోమరులనడం అన్యాయం. నత్తి, మాట ఆలస్యం వంటి సంభాషణ లోపాలు వేరు. కొందరిలో రెండూ ఉంటాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ధ్రువపత్రం ఉన్నవారికి సీబీఎస్‌ఈ పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడి సాయం లభిస్తాయి. అనుమానం కలిగితే ముందు కంటి, చెవి పరీక్షలు, ఆపై నిపుణుల మదింపు చేయించాలి.